ఐదవ ఆట
ఆసియా క్రీడలలో పురుషుల జట్టు బాడ్మింటన్

2023వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో, బింజియాంగ్ క్రీడామందిరంలో, భారత జట్టు ఆసియా క్రీడల పురుషుల బాడ్మింటన్ తుదిపోటీలో చైనాపై 2-0 ఆధిక్యంలో ఉన్నది. మిగిలినవి మూడు ఆటలు. వాటిలో ఒక్కటి గెలిస్తే స్వర్ణపతకం మనది. ఆ ఒక్కటి రాలేదు. మూడు ఆటలూ వరుసగా చైనా వశమైనవి. మన జట్టుకు రజతపతకం దక్కినది. ఆ పోటీలో పురుషుల జట్టుకు అంతకుముందెన్నడూ రజతమైనా లభించి ఉండలేదు గనుక మరునాడు కొందరు సంతోషించినారు; చేతికి అందిన స్వర్ణం జారిపోయినదని కొందరు బాధపడినారు. ఇద్దరి మాటా న్యాయమే. అయితే ఆనాటి ఓటమికి కారణం కేవలం ఆనాటి ఆటలో దొరకదు. అది తెలియాలంటే ఈ పోటీ పుట్టుక నుంచి కథ చెప్పుకోవలసి ఉంటుంది.

ముందుగా జట్టు పోటీ ఎట్లా జరుగుతుందో మనవి చేస్తాను. ఒక దేశానికీ మరొక దేశానికీ మధ్య ఐదు ఆటలు. మూడు సింగిల్స్, రెండు డబుల్స్. హాంగ్‌ఝౌలో ఇవి ఒకటి విడిచి ఒకటిగా సాగినవి: మొదట సింగిల్స్, తరువాత డబుల్స్, మళ్లీ సింగిల్స్, మళ్లీ డబుల్స్, చివరకు మూడవ సింగిల్స్. మూడు ఆటలు ఎవరు ముందు గెలిస్తే వారిదే విజయం. ఇందులో ఒక నిబంధన ముఖ్యమైనది. సింగిల్స్ ఆటగాళ్లను వారి వారి ప్రపంచ స్థానాల క్రమంలోనే దింపవలెను. మన బలవంతుణ్ణి దాచి ఉంచి, ఎదుటివారి బలహీనుడి మీదికి పంపుదామంటే వీలుపడదు. ఒకటవవాడు ఒకటవవాడితో, మూడవవాడు మూడవవాడితో తలపడవలసినదే. కాబట్టి ఒక దేశంలో మహావీరుడొకడు ఉంటే చాలదు. అతని వెనుక రెండవవాడు, మూడవవాడు ఉండాలి. రెండు జంటలు ఉండాలి. వారిలో ఒకరికి జబ్బు చేస్తే నిలబడడానికి మరొకడు ఉండాలి. జట్టు పోటీ కొలిచేది శిఖరం ఎత్తును కాదు, పీఠం వెడల్పును.

ఈ ఆట రేడియోకు బొత్తిగా లొంగదని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. క్రికెట్టులో బంతికీ బంతికీ నడుమ వ్యాఖ్యాతకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఆకాశం, మైదానం, చప్పట్లు వర్ణించవచ్చు. పదహారు ఈకలు గుచ్చిన, అయిదు గ్రాముల బరువైన ఈ షటిల్ ముందు వ్యాఖ్యాత నాలుక ఓడిపోతుంది. మన సాత్విక్‌సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో జపానులో జరిగిన ఒక పరీక్షలో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి ప్రపంచ రికార్డు స్థాపించినాడు. అంత వేగాన్ని ఏ మాటలు అందుకుంటాయి? అందుచేత ఆటను వర్ణించే పని కంటిచూపుకు విడిచి, దాని చరిత్రను చెప్పడమే మాకు చేతనైన పని.

ఆసియా క్రీడలు 1951లో ఢిల్లీలో ఆరంభమైనవి. కాని మొదటి మూడు క్రీడోత్సవాలలో బాడ్మింటన్ లేదు. 1962లో నాలుగవ ఆసియా క్రీడలు జకార్తాకు వచ్చినప్పుడు ఈ ఆట జాబితాలో చేరినది. అందుకు ఆశ్చర్యపడవలసినది లేదు. స్వాతంత్ర్యం పొందిన తరువాత ఇండొనీషియాకు ప్రపంచ విజేత అనిపించుకునే భాగ్యం కలిగించిన ఆట ఇదే. 1958లో వారి జట్టు సింగపూరులో మలయాను 6-3తో ఓడించి థామస్ కప్పును తొలిసారి గెలిచినది. ఆ కప్పును 1961లో స్వదేశంలో నిలుపుకొనడానికి జకార్తాలోని సెనాయన్ ప్రాంతంలో పెద్ద క్రీడామందిరాన్నే నిర్మించుకున్నారు. ఆ రోజుల్లో థామస్ కప్పుకు తొమ్మిది ఆటలు ఆడేవారు. థాయిలాండును 6-3తో గెలిచి కప్పు నిలుపుకున్నారు. మరుసటి సంవత్సరమే ఆసియా క్రీడలు. 1959లో ఆల్ ఇంగ్లండు విజేత అయిన తాన్ జో హాక్ సింగిల్స్ స్వర్ణం గెలిచినాడు. పురుషుల జట్టు స్వర్ణమూ ఇండొనీషియాదే, మలయాకు రజతం. అయితే పురుషుల డబుల్స్ మాత్రం మలయా జంట తాన్ యీ ఖాన్, ఇంగ్ బూన్ బీ ఎత్తుకుపోయినారు.

ఆ జకార్తా క్రీడలు మనవారికి మరొక కారణం చేత జ్ఞాపకం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం లభించకపోవడాన్ని భారత ప్రతినిధి శ్రీ గురుదత్ సోంధీ ఆక్షేపించగా అక్కడి ప్రజలు ఆగ్రహించి మన రాయబార కార్యాలయంపై దాడి చేసినారు. ఆ ఉద్రిక్తతలోనే, ప్రేక్షకుల కేకల మధ్య, హైదరాబాదుకు చెందిన శ్రీ సయ్యద్ అబ్దుల్ రహీం గారు తీర్చిదిద్దిన ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చినది. బాడ్మింటన్‌లో మనకు అటువంటి రోజు రావడానికి ఇంకా చాలా కాలం పట్టినది.

1966లో బాంకాక్‌లో ఆతిథ్యమిచ్చిన థాయిలాండు స్వర్ణం గెలిచినది. 1970లో అదే బాంకాక్‌లో తిరిగి ఇండొనీషియా. 1974లో టెహరానులో ఒక కొత్త జట్టు అడుగుపెట్టి వచ్చీరాగానే స్వర్ణం పట్టుకుపోయినది. అది చైనా. ఆనాటికి చైనా అంతర్జాతీయ బాడ్మింటన్ సమాఖ్యలో సభ్యదేశమే కాదు. ప్రపంచంలోని పెద్ద పోటీలలో ఆ దేశపు ఆటగాళ్లు కనబడేవారు కారు. ఎక్కడ నేర్చుకున్నారు ఇంత ఆట?

ఈ కథలో నన్ను అన్నిటికంటె ఆకర్షించిన ఘట్టం ఇది. చైనాకు ఈ విద్య ఇండొనీషియా నుంచే వచ్చినది. అక్కడ స్థిరపడిన చైనా సంతతివారిలో బాడ్మింటన్ ఆటగాళ్లు ఎందరో. 1954లో వాంగ్ వెన్‌జియావ్, చెన్ ఫూషో అనే ఇద్దరు యువకులు తమ పూర్వుల దేశానికి తరలివెళ్లి అక్కడ ఈ ఆటకు పునాది వేసినారు. 1960లో మరికొందరు వెళ్లినారు. వారిలో సెమరాంగ్‌లో పుట్టిన హో జియాచాంగ్, లాంపుంగ్‌లో పుట్టిన టాంగ్ సియాన్‌హూ ప్రసిద్ధులు. టెహరాను క్రీడలలో సింగిల్స్ స్వర్ణం ఆ హో జియాచాంగ్‌దే. జట్టు పోటీ తుదిఘట్టంలో చైనా ఓడించినది మరెవరినో కాదు, ఇండొనీషియానే. కథ అక్కడితో ఆగలేదు. టాంగ్ సియాన్‌హూ అనంతర కాలంలో తిరిగి ఇండొనీషియా చేరి అక్కడి యువకులకు శిక్షణ ఇచ్చినాడు. మళ్లీ చైనాకు వెళ్లి లిన్ డాన్ వంటి మేటిని తీర్చినాడు. ఆట ఒక దేశం సొత్తు కాదు. గురువు ఎక్కడికి పోతే విద్య అక్కడికి పోతుంది. ఈ సంగతి మన కథకు ముందు ముందు పనికివస్తుంది.

1962 నుంచి హాంగ్‌ఝౌ వరకు పదహారు పర్యాయాలు ఈ పోటీ జరిగినది. స్వర్ణం గెలిచిన దేశాలు నాలుగే. చైనా ఏడుసార్లు, ఇండొనీషియా ఐదుసార్లు, దక్షిణ కొరియా మూడుసార్లు, థాయిలాండు ఒకసారి. ఇంగ్ బూన్ బీని, పంచ్ గుణాలన్‌ను, తరువాతి కాలంలో లీ చోంగ్ వేయిని కన్న మలేషియా ఒక్కసారి కూడా ఈ స్వర్ణాన్ని చూడలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రపంచంలో మొదటి స్థానంలో ఏళ్ల తరబడి నిలిచిన లీ చోంగ్ వేయి తన సింగిల్స్ గెలిచి ఇవ్వగలడు. మిగిలిన నాలుగు ఆటలూ ఆడలేడు గదా!

మన దేశపు చరిత్ర కూడా ఆ మాటకు ఉదాహరణమే. 1974లో టెహరానులో, 1982లో ఢిల్లీలో, 1986లో సియోలులో మన పురుషుల జట్టుకు కాంస్యపతకాలు వచ్చినవి. ఢిల్లీలో సయ్యద్ మోడీ సింగిల్స్ కాంస్యంతో సహా బాడ్మింటన్‌లో మొత్తం ఐదు కాంస్యాలు లభించినవి. నడుమ 1980లో శ్రీ ప్రకాశ్ పదుకొనే ఇండొనీషియా వీరుడు లీమ్ స్వీ కింగ్‌ను 15-3, 15-10తో ఓడించి ఆల్ ఇంగ్లండు బిరుదు గెలిచినారు. 2001లో ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన శ్రీ పుల్లెల గోపీచంద్ చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో జయించి ఆ బిరుదును రెండవమారు మన దేశానికి తెచ్చినారు. రెండూ ఆకాశమంత విజయాలు. కాని 1986 తరువాత ముప్ఫై ఏడు సంవత్సరాలపాటు ఆసియా క్రీడలలో పురుషుల జట్టుకు ఏ పతకమూ రాలేదు. ఇరవై ఏళ్లకొక మహావీరుడు పుట్టడం దేశం అదృష్టం. ఐదు ఆటలకు సరిపడా మనుషులు ఏటేటా తయారుకావడం మాత్రం అదృష్టంతో అయ్యే పని కాదు.

అందుకు కావలసినది శాల, గురువు, తెల్లవారుజామున లేచే పిల్లలు. గోపీచంద్ గారు తన ఆట ముగిసిన తరువాత హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రభుత్వం ఇచ్చిన ఐదెకరాల స్థలంలో 2008లో శిక్షణాలయం నెలకొల్పినారు. కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టినారన్న సంగతి లోకవిదితం. సైనా నెహ్వాల్ 2012లో ఒలింపిక్ కాంస్యం, సింధు 2016లో రజతం తెచ్చినప్పుడు ఆ శాల పేరు ఇంటింటా వినబడినది. పురుషుల సంగతి అంత త్వరగా లోకానికి తెలియలేదు. గుంటూరు యువకుడు కిదాంబి శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆడుతూ ఉండగా గోపీచంద్ గారు అతనిని సింగిల్స్‌కు మార్చినారు. 2017లో అతడు ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్‌సిరీస్ బిరుదులు గెలిచినాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచంలో మొదటి స్థానం చేరుకున్నాడు. కేరళకు చెందిన ప్రణయ్ కూడా ఆ శాలలో తయారైనవాడే.

డబుల్స్ మన దేశంలో చిరకాలం సవతిబిడ్డ. సింగిల్స్‌లో నెగ్గనివాడు ఆడేది డబుల్స్ అనే చులకన ఉండేది. కోనసీమలో అమలాపురం నుంచి వచ్చిన పొడగరి సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిని, ముంబయి కుర్రవాడు చిరాగ్ శెట్టిని జంట కలిపినవాడు మలేషియా నుంచి వచ్చిన శిక్షకుడు తాన్ కిమ్ హర్. ఇద్దరూ వెనుకనుండి కొట్టేవారే, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, ఈ జత పొసగదని అన్నవారున్నారు. శ్రీకాంత్ వెలిగిన 2017లో సింగిల్స్ శిక్షకుడు ఇండొనీషియావాడైన ముల్యో హందోయో. తరువాత డబుల్స్ జంటను నడిపినది డెన్మార్కుకు చెందిన మథియాస్ బో. ఇంతకుముందు మనవి చేసిన మాట ఇదే. ఒకనాడు ఇండొనీషియా నుంచి చైనాకు పోయిన విద్య, ఇండొనీషియా నుంచీ మలేషియా నుంచీ గచ్చిబౌలికి కూడా వచ్చినది.

మన పల్లెలలో ఉన్నిబంతితో ఆడే బాల్ బాడ్మింటన్ ఎరుగని వారుండరు. సాయంకాలం బడి ఆవరణలో గీతలు గీసి, వల కట్టి ఆడిన ఆ ఆటకూ ఈ షటిల్‌కూ చుట్టరికం ఉన్నది గాని, గాలి తగిలితే పక్కకు పోయే ఈకల షటిల్‌కు నాలుగు గోడలు, పైకప్పు కావాలి. వెలుపలి మైదానాలలో పెరిగిన మన ఊళ్లకు ఆ గోడలే ఇంతకాలం కరవైనవి.

ఫలం మొదట కనబడినది 2022 మే నెలలో, బాంకాక్‌లో జరిగిన థామస్ కప్పులో. ఆ నాటికి థామస్ కప్పు కూడా ఐదాటల పోటీ. మలేషియాతో క్వార్టర్ ఫైనలు 2-2 అయినది. ఐదవ ఆటకు దిగినవాడు మూడవ సింగిల్స్ ఆటగాడు ప్రణయ్, గెలిచినాడు. డెన్మార్కుతో సెమీఫైనలు మళ్లీ 2-2. మళ్లీ ఐదవ ఆట, మళ్లీ ప్రణయ్. కోర్టులో జారి కాలు మడత పడినా, మొదటి గేము పోగొట్టుకున్నా, నిలిచి ఆడి 13-21, 21-9, 21-12తో గెలిచినాడు. మే 15న తుదిపోటీలో ఇండొనీషియాపై లక్ష్య సేన్, సాత్విక్-చిరాగ్, శ్రీకాంత్ వరుసగా గెలువగా 3-0తో కప్పు మనదైనది. ప్రణయ్ రాకెట్టు పట్టవలసిన అవసరమే లేకపోయినది. మూడవవాడు ఇంతటివాడైతే జట్టు ఎంతటిదో ఆ వారం లోకానికి తెలిసినది.

ఈ నేపథ్యంతో హాంగ్‌ఝౌకు పోదాం. కోవిడ్ మహమ్మారి వల్ల ఏడాదిపాటు వాయిదాపడిన 19వ ఆసియా క్రీడలు అవి. క్వార్టర్ ఫైనలులో నేపాలును 3-0తో దాటినారు. సెప్టెంబరు 30న దక్షిణ కొరియాతో సెమీఫైనలు. ఇప్పుడు ప్రణయ్ మన మొదటి సింగిల్స్ ఆటగాడు. నెల క్రిందటనే కోపెన్‌హేగన్‌లో ప్రపంచ కాంస్యం గెలిచి వచ్చినాడు. జియోన్ హ్యోక్-జిన్‌పై 18-21, 21-16, 21-19తో బయటపడినాడు. సాత్విక్, చిరాగ్ ప్రపంచ విజేతలైన సియో సెంగ్-జే, కాంగ్ మిన్-హ్యుక్ చేతిలో 13-21, 24-26తో ఓడినారు. లక్ష్య సేన్ 21-7, 21-9తో తేలికగా గెలిచినాడు. రెండవ డబుల్స్‌లో అర్జున్, ధ్రువ్ కపిల కిమ్ వోన్-హో, నా సుంగ్-సెంగ్ జంటకు తల ఒగ్గినారు. రెండూ రెండూ. ఐదవ ఆటకు శ్రీకాంత్. మొదటి గేము 12-21తో పోయినది. తరువాత 21-16, 21-14. ముప్ఫై ఏళ్లు నిండిన శ్రీకాంత్ అనుభవమంతా ఆ రెండు గేములలో కనబడినది. భారతం తుదిపోటీకి చేరినది.

మరునాడు ప్రణయ్ లేడు. వెన్నునొప్పి.

ఒకే ఒక మనిషి తప్పుకున్నాడు గదా అనవచ్చు. కాని ఇంతకుముందు చెప్పిన నిబంధనను తలచుకోండి. మొదటివాడు తప్పుకుంటే ఖాళీ అయ్యేది మొదటి స్థానం కాదు. రెండవవాడు లక్ష్య మొదటి స్థానానికి ఎక్కినాడు. మూడవవాడు శ్రీకాంత్ రెండవ స్థానానికి ఎక్కినాడు. మూడవ స్థానానికి కర్ణాటకకు చెందిన మిథున్ మంజునాథ్ వచ్చినాడు. ప్రతివాడూ తనకంటె ఒక మెట్టు పై ప్రత్యర్థిని ఎదుర్కోవలసి వచ్చినది. ఒక్క వెన్నునొప్పితో మూడు ఆటల తూకం మారిపోయినది.

అయినా ఆరంభం అద్భుతం. లక్ష్య సేన్ షీ యూచీని 22-20, 14-21, 21-18తో, వారి దేశంలో, వారి ప్రేక్షకుల నడుమ ఓడించినాడు. సాత్విక్, చిరాగ్ లియాంగ్ వేకెంగ్, వాంగ్ చాంగ్ జంటను 21-15, 21-18తో రెండే గేములలో ముగించినారు. 2-0. తరువాత శ్రీకాంత్, లీ షీఫెంగ్. ఈ లీ షీఫెంగ్ ఆ ఏడాది ఆల్ ఇంగ్లండు విజేత. చైనాకు అతడు రెండవవాడు! మొదటి గేములో శ్రీకాంత్ 22 పాయింట్ల వరకు లాగినాడు. 22-24తో పోయినది. నా ఉద్దేశంలో స్వర్ణం నిజంగా జారిపోయినది అక్కడే. రెండవ గేము 9-21. సెమీఫైనలులో మూడు గేములు ఆడి జట్టును గట్టెక్కించిన మనిషికి మరునాడు అంతకంటె పెద్ద భారం పడినది. దానిని నిందించడం తగదు.

రెండవ డబుల్స్‌లో ధ్రువ్ కపిల, సాయి ప్రతీక్ 6-21, 15-21తో ఓడినారు. అవతల ఉన్న లియూ యూచెన్ టోక్యో ఒలింపిక్ డబుల్స్ రజతం గెలిచినవాడు. చైనాలో అతనిది రెండవ జంట. ఇక ఐదవ ఆట. మిథున్ మంజునాథ్ ఆ సంవత్సరపు మన జాతీయ విజేత, చేతకానివాడు కాడు. ఎదురుగా వెంగ్ హాంగ్‌యాంగ్. 2023 ఆగస్టులో సిడ్నీలో జరిగిన ఆస్ట్రేలియన్ ఓపెన్ తుదిపోటీలో మన ప్రణయ్‌ను మూడు గేములు పోరాడి ఓడించినవాడు ఇతడే. అనగా మన మొదటివాణ్ణి గెలిచినవాడు చైనా జట్టులో మూడవ స్థానంలో కూర్చున్నాడు. 12-21, 4-21. పోటీ ముగిసినది.

ఆటలో ధైర్యం, పట్టుదల అంటూ మనం ఎన్నో మాటలు చెబుతాము. 2-0 తరువాత మనవారికి ధైర్యం చాలలేదని కొందరు వ్రాసినారు కూడా. నాకు అది సమ్మతం కాదు. హాంగ్‌ఝౌలో మనకు చాలనిది ఒక మూడవ మనిషి, ఒక రెండవ జంట. 1986లో మనకు చాలనిదానితో పోల్చితే ఇది ఎంత స్వల్పమో గమనించవలెను.

ప్రణయ్ ఆ నొప్పితోనే వ్యక్తిగత పోటీలో దిగి మలేషియా ఆటగాడు లీ జీ జియాను ఓడించినాడు. సెమీఫైనలులో లీ షీఫెంగ్‌కు లొంగి కాంస్యం తీసుకున్నాడు. 1982లో సయ్యద్ మోడీ తరువాత పురుషుల సింగిల్స్‌లో మనకు వచ్చిన పతకం అదే. అక్టోబరు 7న సాత్విక్, చిరాగ్ డబుల్స్ తుదిపోటీ ఆడినారు. ఆసియా క్రీడలలో భారతానికి బాడ్మింటన్ స్వర్ణం అప్పటివరకు ఒక్కటీ లేదు. వలకు అవతల కొరియా జంట చోయ్ సోల్-గ్యూ, కిమ్ వోన్-హో. జట్టు పోటీలో మన రెండవ జంటను వారం క్రిందట ఓడించిన ఆ కిమ్ వోన్-హోయే. అమలాపురం, ముంబయి కుర్రవాళ్లు ఆట ముగించేసరికి 21-18, 21-16.